వీడియో పనిలో పిల్లల నైపుణ్యాన్ని ఎలా కొలవాలి? – తల్లిదండ్రులకు, విద్యార్థులకు

ప్రాజెక్టు అంటే ఒకప్పుడు చార్టు, అట్టముక్కలతో చేసిన బొమ్మ. ఇప్పుడు వీడియో కూడా ప్రాజెక్టే. తునికాకు కల్లం మీదనో, మిర్చి ఎండబెట్టడం మీదనో, సోమనూరు దగ్గర ఇంద్రావతి గోదావరిలో కలిసే చోటు మీదనో పిల్లలు ఒక ఫోనుతో నాలుగు నిమిషాల సినిమా తీయగలరు. తీస్తే ఇంటిల్లిపాదీ సంబరంగా చూస్తారు. చిక్కు మార్కుల దగ్గర వస్తుంది.

ఆ నాలుగు నిమిషాలు చూసి అయిదుగురు పిల్లలకూ ఒకే మార్కు వేస్తే, ఆ మార్కు ఎవరిది? ఫోను తెచ్చిన పిల్లవాడిదా, దాన్ని కదలకుండా పట్టుకున్న అమ్మాయిదా? లేక సిరొంచలో ఎడిటింగ్ చేసిపెట్టిన అన్నయ్యదా? సినిమా బాగుందంటే పిల్లలకు పని వచ్చినట్టే అనుకోలేం. సినిమా సరిగా రాలేదని పని రాదనీ అనలేం. మాట వినపడకపోవడం వల్ల పాడైన సినిమాలో కెమెరా పని చాలా బాగా ఉండొచ్చు.

అందుకే ఈ వ్యాసం. వీడియో పనిలో ఒక్కో పిల్లకు, ఒక్కో పిల్లవాడికి ఏం వచ్చో విడిగా ఎలా చూడాలి, ఏం అడగాలి, మార్కు ఎలా వేయాలి అన్నది ఇందులో ఉంది. ఇది బోర్డు ఇచ్చిన ఫార్మాటు కాదు. బడిలోనూ ఇంట్లోనూ వాడుకోదగ్గ పద్ధతి.

ముందు పనులు విడదీయాలి

సినిమా ఒకటే అయినా అందులో పనులు నాలుగు: కెమెరా, వెలుగు, శబ్దం, ఎడిటింగ్. పూణేలో 1960లో మొదలైన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సినిమాటోగ్రఫీ, ఎడిటింగ్, సౌండ్, దర్శకత్వం వేర్వేరు విభాగాలు. జాతీయ చలనచిత్ర పురస్కారాల్లోనూ ఉత్తమ చిత్రానికి ఒకటి, ఛాయాగ్రహణానికి ఒకటి, ఎడిటింగ్‌కు ఒకటి, శబ్దానికి ఒకటి ఇస్తారు. మొత్తంగా ఏ పురస్కారమూ రాని సినిమాకు ఛాయాగ్రహణంలో రావచ్చు. పెద్దవాళ్లకే పని విడదీసి చూస్తున్నప్పుడు పిల్లలకు అన్నీ కలిపి ఒకే అంకె వేయడం న్యాయం కాదు.

ఇంకో మాట. గ్రూపులో పని పంచుకునేటప్పుడు మగపిల్లల చేతికి కెమెరా, ఆడపిల్లలకు యాక్టింగో పాటో రావడం మామూలైపోయింది. అలాంటప్పుడు ఆడపిల్లలకు కెమెరాలో మార్కు వేయడానికి ఏమీ ఉండదు. నాలుగు పనులూ అందరూ వంతులవారీగా చేయాలి. సినిమాలో చివరికి ఎవరి షాటు పెట్టినా సరే, ప్రతి ఒక్కరూ ఒక్కో పనిలో చిన్న పరీక్ష చేసి చూపాలి.

పేర్లు రాకపోతే పని రానట్టా?

"మా పిల్లకు ఇంగ్లిషు రాదు, ఈ కెమెరా చదువులు ఎట్లా వస్తాయి?" అని అనుకునే తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఉంది. దాని స్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో నిర్మాత. 1990లలో అక్కడి మహిళా సంఘాల సభ్యులకు వీడియో తీయడం నేర్పారు. వాళ్లలో ఎక్కువమంది దళిత స్త్రీలు, కొద్దిపాటి పొలం ఉన్నవాళ్లు, బడి ముఖం చూడనివాళ్లు. 2001లో వాళ్లే కమ్యూనిటీ మీడియా ట్రస్ట్‌గా ఏర్పడ్డారు. వరంగల్ జిల్లాలో బీటీ పత్తి వేసిన రైతుల దగ్గరికి సీజను తర్వాత సీజను వెళ్లి వాళ్లు తీసిన చిత్రాలు దేశం దాటి కూడా చూపించారు.

షాట్లకు వాళ్లు తమ పేర్లే పెట్టుకున్నారు. కెమెరా పైనుంచి కిందికి చూస్తే అది 'పటేల్ షాట్'. దొర కుర్చీలో కూర్చుని కింద ఉన్న కూలీని చూసినట్టు ఉంటుంది కాబట్టి. కంటికి కన్ను సమానంగా ఉంటే 'సంఘం షాట్'. సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు కాబట్టి. హై యాంగిల్, ఐ లెవెల్ అన్న మాటలు బట్టీపట్టిన పిల్లవాడి కంటే, కెమెరా ఎత్తు మారితే మనిషి విలువ మారినట్టు కనిపిస్తుందని గ్రహించిన ఆ అమ్మలకే ఆ విషయం ఎక్కువ తెలుసు.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న "హై యాంగిల్ అంటే ఏమిటి?" అని కాదు. "ఈ తాతను గౌరవంగా చూపాలి, కెమెరా ఎక్కడ పెడతావ్? ఎందుకు?" అని. జవాబు తెలుగులో చెప్పినా, మరాఠీలో చెప్పినా, ఏమీ చెప్పకుండా మోకాళ్ల మీద కూర్చుని తీసి చూపినా మార్కు ఒకటే.

కొలిచేవి, తూచేవి

1950లో స్పెయిన్‌లో మొదలైన వరల్డ్‌స్కిల్స్ పోటీల్లో ఇప్పుడు వాడే పద్ధతి మన బడికీ పనికొస్తుంది. వాళ్లు పనిని రెండు రకాలుగా చూస్తారు. ఒకటి కొలత. అయిందా, కాలేదా అని ఎవరు చూసినా ఒకే జవాబు వచ్చేది. రెండోది నిర్ణయం. ఎంత బాగా అయింది అన్నది చూసి తూచాల్సినది. దీనికి 0 నుంచి 3 దాకా అంకెలు ఉంటాయి. ముగ్గురు నిపుణులు విడివిడిగా, ఒకేసారి అంకె చూపిస్తారు. ఇద్దరి మధ్య ఒకటి కంటే ఎక్కువ తేడా వస్తే మాట్లాడుకుని మళ్లీ వేస్తారు.

బడిలో దీన్ని ఇలా సరళం చేసుకోవచ్చు. ఒక్కో పనికి అయిదు కొలతలు, ఒక్కోదానికి ఒక మార్కు. ఆపైన నిర్ణయానికి 0–3. అంటే ఒక్కో పనికి 8 మార్కులు, నాలుగు పనులకు 32. పని డైరీకి 4, అనుమతి–జాగ్రత్తలకు 4. మొత్తం 40.

నిర్ణయంలో అంకెల అర్థం ముందే పిల్లలకు చెప్పాలి:

0 – చూసేవాళ్లకు అర్థం కాదు, లేదా పని జరగలేదు.
1 – పని అయింది, అర్థమవుతోంది.
2 – పని అయింది, కొన్నిచోట్ల ఆలోచించి చేసినట్టు కనిపిస్తోంది.
3 – మొదటినుంచి చివరిదాకా ఆలోచించి చేశారు. అలా ఎందుకు చేశారో చెప్పగలరు.

అంకె వేసేవాళ్లు ముగ్గురు ఉంటే మంచిది: నేర్పిన సారు లేదా మేడం, వేరే తరగతి ఉపాధ్యాయులు ఒకరు, పెళ్లి వీడియోలు తీసే ఫోటోగ్రాఫర్ లాంటి బయటివారు ఒకరు. ముగ్గురి అంకెల్లో మధ్యది తీసుకుంటే చాలు. 1, 2, 2 వస్తే 2.

పరీక్ష 1: కెమెరా

ఒక మనిషి చేతులతో చేసే పని ఏదైనా తీసుకోండి. తునికాకు కట్ట కట్టడం, టీ కాయడం, సైకిల్ పంక్చర్ వేయడం. దాన్ని అయిదు షాట్లలో చూపాలి: చేతులు దగ్గరగా, ముఖం దగ్గరగా, మనిషీ చోటూ కలిసి కనిపించేలా దూరంగా, పని చేసేవారి భుజం మీదుగా, చివరిది పిల్లలు సొంతంగా ఎంచుకున్న కోణం. వీడియో విలేఖరుల శిక్షణలో వాడే పద్ధతే ఇది.

కొలతలు: అయిదు షాట్లూ ఉన్నాయా? ఒక్కోటి పది సెకన్లు కదలకుండా నిలిచిందా? ఫోను అడ్డంగానే పట్టుకున్నారా? చూపాల్సిన చోట ఫోకస్ ఉందా? తల తెగకుండా, నెత్తి మీద అనవసరమైన ఖాళీ లేకుండా ఉందా?

తూచాల్సినది: ఆ అయిదు షాట్లు చూస్తే పని ఎలా జరుగుతుందో తెలియనివారికి తెలుస్తుందా?

పరీక్ష 2: వెలుగు

ఒకే మనిషిని మూడు చోట్ల తీయాలి: మిట్టమధ్యాహ్నం ఆరుబయట, వరండాలో, గుమ్మానికి వీపు పెట్టి నిలబెట్టి. మూడోది కష్టం. వెనక వెలుగు ఉంటే ఫోను ఆ వెలుగును చూసి ముఖాన్ని నల్లగా చేస్తుంది. స్క్రీన్ మీద ముఖం దగ్గర వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేయడం ఒక మార్గం. మనిషిని పక్కకు తిప్పడం ఇంకా తేలికైన మార్గం. తెల్ల బట్టో థర్మోకోల్ అట్టో ఎదురుగా పట్టుకుంటే ఆ వెలుగు ముఖం మీదికి తిరిగివస్తుంది.

రాత్రి దీపాల కింద తీస్తే కొన్నిసార్లు తెర మీద చారలు పాకుతాయి. దానికీ కారణం ఉంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు, దాంతో చాలా దీపాల వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టుకునే వీలుంటే ఆ చారలు పోతాయి.

కొలతలు: మూడు చోట్లా ముఖం కనిపిస్తోందా? ఆకాశమో గోడో తెల్లగా తేలిపోకుండా ఉందా? షాటు మధ్యలో వెలుగు ఎగిరెగిరి పడకుండా లాక్ చేశారా? చర్మం రంగు నీలంగానో పసుపుగానో మారకుండా ఉందా? చారలు లేవా?

తూచాల్సినది: ఉన్న వెలుగును ఎంత తెలివిగా వాడుకున్నారు?

పరీక్ష 3: శబ్దం

పిల్లల సినిమాలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. బొమ్మ కొంచెం కదిలినా జనం చూస్తారు. మాట వినపడకపోతే లేచిపోతారు. ఒకే వాక్యాన్ని ఫోను మూరెడు దూరంలో పెట్టి ఒకసారి, బారెడు దూరంలో పెట్టి ఒకసారి రికార్డు చేయించండి. ఆరుబయట దూరం రెండింతలైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. బార అంటే నాలుగు మూరలు కాబట్టి 12 డెసిబెల్స్ తగ్గుతుంది. గాలి శబ్దం, రోడ్డు మీద లారీల శబ్దం మాత్రం తగ్గవు. అందుకే మాట వాటిలో మునిగిపోతుంది.

దీనికి ఖరీదైన మైకు అక్కర్లేదు. రెండో ఫోనును మాట్లాడేవారి దగ్గర, కెమెరాకు కనపడకుండా పెట్టి, రికార్డింగ్ మొదలయ్యాక ఒక్క చప్పట్లు కొట్టాలి. ఎడిటింగ్‌లో ఆ చప్పుడును, చేతులు కలిసిన బొమ్మను ఒకచోట చేరిస్తే మాట, పెదవులు కలుస్తాయి. సినిమావాళ్లు క్లాప్ బోర్డు కొట్టేది ఇందుకే. చివర్లో అందరూ మౌనంగా ఉండి అక్కడి ఖాళీ శబ్దాన్ని అర నిమిషం రికార్డు చేయాలి. మాటల మధ్య అతుకులు తెలియకుండా చేయడానికి అది పనికొస్తుంది.

కొలతలు: ప్రతి మాటా వినపడుతోందా? ఎక్కడా చిట్లిపోలేదా? గాలి కొట్టిన శబ్దం లేదా? చప్పట్ల గుర్తు ఉందా? ఖాళీ శబ్దం అర నిమిషం ఉందా?

తూచాల్సినది: కళ్లు మూసుకుని వింటే ఆ చోటు, ఆ మనిషి మనసుకు తడతారా?

పరీక్ష 4: ఎడిటింగ్

ఇక్కడ ఒక నియమం తప్పకుండా పాటించాలి. అందరికీ ఒకే పన్నెండు క్లిప్పులు ఇవ్వాలి. అవి ఉపాధ్యాయులు ముందే తీసి పెట్టినవి. నలభై నిమిషాల్లో వాటి నుంచి ఒక నిమిషం వీడియో తయారుచేయాలి. ముడిసరుకు అందరికీ ఒకటే కాబట్టి ఎవరి ఫోను మంచిది, ఎవరు ఏ ఊరికి పోయి తీశారు అన్న తేడాలు ఉండవు. ఒకే కంప్యూటర్ మీదో ఒకే ఫోను మీదో వంతులవారీగా చేయించవచ్చు.

కొలతలు: నిడివి 55–65 సెకన్ల మధ్య ఉందా? ఒక షాటు నుంచి ఇంకో షాటుకు మాట తెగకుండా ఉందా? శబ్దం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ లేకుండా ఉందా? తెర మీది తెలుగు అక్షరాల్లో తప్పులు లేవా? ఫైళ్లకు పేర్లు పెట్టి, రెండు చోట్ల దాచారా?

చివరి కొలతను చిన్నచూపు చూడకండి. ఫోనులో 1920×1080 వీడియో నిమిషానికి దాదాపు 100 నుంచి 130 ఎంబీ తింటుంది. గంట వీడియో అంటే ఆరు జీబీ దాటుతుంది. ఎక్కడ ఏముందో తెలియకుండా దాచినవాళ్లు, ఫోను నిండిందని మంచి షాటునే డిలీట్ చేస్తారు.

తూచాల్సినది: ఆ నిమిషంలో మొదలు, నడక, ముగింపు ఉన్నాయా? అక్కర్లేని ఎఫెక్టులు తగ్గించారా?

పని డైరీ, అనుమతి

పని డైరీ అంటే పెద్ద రాత పని కాదు. ఏ రోజు, ఎక్కడ, ఎవరు ఏ పని చేశారు, ఏది సరిగా రాలేదు, మళ్లీ ఎలా తీశారు. రోజుకు నాలుగు వాక్యాలు చాలు. మొదటిసారి పాడైన షాటును కూడా చెరిపేయకండి. పాడైనదీ తర్వాత సరిచేసినదీ పక్కపక్కన పెట్టి చూపితే పిల్లలు ఎంత నేర్చారో అందరికీ తెలుస్తుంది.

అనుమతి కూడా నేర్చుకోవాల్సిన పనే. తీయబోయే ముందు పేరు చెప్పి, ఎందుకు తీస్తున్నామో, ఎవరికి చూపుతామో చెప్పి, సరేనన్న తర్వాతే కెమెరా తీయాలి. చిన్నపిల్లలైతే వాళ్ల అమ్మానాన్నలను అడగాలి. వద్దన్నవారిని తీయకూడదు, సరేనని తర్వాత వద్దన్నా తీసేయాలి. సినిమా పాటలు పెట్టకండి. వాటి మీద హక్కులు వేరేవాళ్లవి. ఊళ్లో అమ్మమ్మ పాడిన పాట, ఆమె ఒప్పుకుంటే, మీరే రికార్డు చేసుకోవచ్చు. నీళ్లలో, రోడ్డు మధ్యలో, మిద్దె అంచున నిలబడి తీసిన షాటు ఎంత బాగున్నా జాగ్రత్తల మార్కు పోతుంది.

ఎప్పుడు చూడాలి?

మహారాష్ట్రలో 2010 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఆకారిక, సంకలిత మూల్యమాపనం ఉంది. నది అవతల తెలంగాణ బడుల్లో మీ బంధువుల పిల్లలు ఎఫ్ఏ, ఎస్ఏ అనేది ఇంచుమించు ఇదే. ఆకారిక పద్ధతిలో ప్రాజెక్టు ఒక సాధనం మాత్రమే. రోజువారీ పరిశీలన, మౌఖికం, ప్రయోగం, కృత్యం కూడా సాధనాలే. పూర్తయిన సినిమాను మాత్రమే చూస్తే ప్రాజెక్టును ఒక్కదాన్నే చూసినట్టు. తీస్తున్నప్పుడు పక్కన నిలబడితే పరిశీలన, "ఈ షాటు ఎందుకు?" అని అడిగితే మౌఖికం, పై పరీక్షలు చేయిస్తే ప్రయోగం. వీటికోసం కొత్తగా రోజులు కేటాయించనక్కర్లేదు. వారానికి ఒక పరీక్ష చొప్పున నెలలో నాలుగూ అయిపోతాయి.

ఫోను విషయంలో ఒక్కటే మాట. పరీక్షలకు అందరూ ఒకే ఫోను వాడాలి. ఇంట్లో ఫోను లేని పిల్లలకు ముందు రోజు బడిలో అరగంట చేతికివ్వాలి. లేకపోతే మనం పిల్లల నైపుణ్యానికి కాకుండా ఇంటి ఆదాయానికి మార్కు వేసినట్టవుతుంది.

మార్కు చూసి ఏం చేయాలి?

ఒక అమ్మాయికి కెమెరాలో 7, వెలుగులో 6, శబ్దంలో 2, ఎడిటింగ్‌లో 5 వచ్చాయనుకోండి. కూడితే 32కు 20. ఆ 20 చూసి "పర్వాలేదు" అనేసి వదిలేస్తే లాభం లేదు. నాలుగు అంకెలూ చూస్తే ఆమె వచ్చే వారం ఏం చేయాలో తెలిసిపోతుంది. కెమెరాను కాస్త పక్కన పెట్టి, రెండో ఫోనుతో మాటలు రికార్డు చేయడం సాధన చేయాలి. అందుకే పిల్లలకు మొత్తం ఒక్కటే చెప్పకండి, నాలుగూ విడిగా చెప్పండి.

"సినిమా చేసినవాళ్లు ఎవరు?" అన్న అనుమానం వస్తే గొడవపడనక్కర్లేదు. "ఈ షాటు మళ్లీ తీసి చూపు" అనండి. సొంతంగా చేసినవారు పది నిమిషాల్లో చూపిస్తారు. ఇంట్లో అన్నయ్యలు, అక్కయ్యలు నేర్పడం మంచిదే, నేర్పండి. వాళ్ల బదులు చేసిపెట్టడం మాత్రం వద్దు.

తర్వాత చదువు సంగతి కూడా తెలిసి ఉండాలి. ఐటీఐ ట్రేడుల్లో వీడియో కెమెరామన్ అనేది ఏడాది కోర్సు. అది అన్ని ఐటీఐల్లో ఉండదు కాబట్టి అడ్మిషన్ల సమయంలో అడిగి తెలుసుకోండి. పూణే ఇన్‌స్టిట్యూట్‌లో సినిమాటోగ్రఫీ, ఎడిటింగ్, సౌండ్ లాంటి కోర్సులకు డిగ్రీ ఉండాలి. అందువల్ల మామూలు చదువు మానేసి కెమెరా పట్టుకోవడం తెలివైన పని కాదు. పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలో పనికి పోయినా, మొదటి రోజు "చేసి చూపించు" అనే అంటారు.

మాటలు – అర్థాలు

పరీక్షకు బయటి నుంచి వచ్చేవారు ఈ మాటలు వాడొచ్చు. అర్థం తెలిసి ఉంటే చాలు.

వైడ్ షాట్ – చోటంతా కనిపించేలా దూరంగా తీసినది.
క్లోజప్ – ముఖమో, చేతులో తెర నిండా కనిపించేది.
ప్యాన్ – కెమెరా ఉన్నచోటనే ఉండి పక్కకు తిరగడం.
టిల్ట్ – కెమెరా ఉన్నచోటనే ఉండి పైకీ కిందికీ తిరగడం.
ఎక్స్‌పోజర్ – బొమ్మ మీద పడే వెలుగు ఎంతన్నది.
వైట్ బ్యాలెన్స్ – తెల్లనిది తెల్లగానే కనిపించేలా రంగును సరిచేయడం.
రూమ్ టోన్ – ఎవరూ మాట్లాడనప్పుడు ఆ చోట ఉండే శబ్దం.
కంటిన్యుటీ – ఒక షాటులో కుడిచేతిలో ఉన్న గ్లాసు తర్వాతి షాటులోనూ కుడిచేతిలోనే ఉండడం.

తల్లిదండ్రులారా, ఈ వారం ఇంట్లో ఒక పని చేయండి. మీ ఫోను అరగంట పిల్లల చేతికిచ్చి, మీరు చేసే పని ఏదైనా అయిదు షాట్లలో తీయమనండి. తీశాక కూర్చుని చూసి, ప్రతి షాటుకూ "ఇది ఇక్కడినుంచే ఎందుకు తీశావ్?" అని అడగండి. వాళ్లు చెప్పే జవాబులే మీకు దొరికే మొదటి మార్కుల పట్టిక.